ఊరంతా పట్టిన ఫోటో

నా పాత కెమెరా అంటే ఒక బండెడు సామాను. చెక్కపెట్టె, తోలు తిత్తి, నల్లగుడ్డ, మూడు కాళ్ల స్టాండు, గాజు ప్లేట్లు, మందుల సీసాలు. జనగామ స్టేషను రోడ్డులోని నా దుకాణంలో అది నిలబడి ఉన్నంతసేపు నాకూ ఒక దర్జా ఉండేది. ఊళ్లలో పెళ్లికి పిలిస్తే మాత్రం ఎడ్లబండి కట్టించుకోవాలి, గాజు ప్లేట్లు పగలకుండా ఒళ్లో పెట్టుకొని కూర్చోవాలి. నా ఫోటోల్లో సగం గొప్పతనం నా నడుముది. ఆ సంగతి ఎవరూ ఒప్పుకోలేదు.

నిజాం మీద రైతులు తిరగబడ్డ సంఘం రోజులు వచ్చాక ఆ సామానుతో తిరగడం ప్రాణం మీదికి వచ్చింది. బాటలు తవ్వేశారు, చెట్లు నరికి అడ్డం పడేశారు. ఆ స్టాండు కాళ్లకు ఇత్తడి మొనలు ఉండేవి. గోనెపట్టాలో చుడితే ఎవరికైనా తుపాకుల్లాగే కనిపించేవి. ఒకసారి రజాకార్లు బండి ఆపి నన్ను దింపి, పట్టా విప్పించి, ఒక్కొక్క కాలునూ విరగ్గొట్టబోయి వదిలేశారు. ఇంకోసారి మహబూబాబాదులో రైలు దిగి గూడూరు వైపు పెళ్లికి పోతుంటే వడిసెలలు పట్టుకున్న సంఘం పడుచువాళ్లు చుట్టుముట్టారు.

"ఏందన్నా గా మూటల? బందూకులైతే మాకియ్యరాదు!"

విప్పి చూపించాను. వాళ్ల మొహాలు వాడిపోయాయి. పాపం, నిజంగానే ఆశపడ్డట్టున్నారు. నవ్వుకుంటూ బండి ఎక్కానుగానీ, ఇలా ఇద్దరి చేతుల్లోనూ నలుగుతూ ఎంతకాలం బతుకుతానని ఆ దారంతా కోపంతో ఉడికిపోయాను.

తెల్లవాళ్లు సర్దుకొని వెళ్లిపోతున్న ఏడాది సికింద్రాబాదు కంటోన్మెంటులో ఒక దొర సామాన్లు అమ్ముతున్నాడని తెలిసి వెళ్లాను. అక్కడ దొరికింది చిన్న కెమెరా. మడిస్తే చొక్కా జేబులో పడుతుంది, మీట నొక్కితే ముందు తలుపు తెరుచుకొని చిన్న తిత్తి బయటికి వస్తుంది. గాజు ప్లేట్లు లేవు, చుట్టిన ఫిల్ము. స్టాండు అక్కర్లేదు, నల్లగుడ్డ అక్కర్లేదు, ఎడ్లబండి అసలే అక్కర్లేదు. పాత కెమెరాను మహబూబాబాదులో ఫోటోలు తీసే నా స్నేహితుడికి ఇచ్చేసి దీన్ని తెచ్చుకున్నాను. ఇంటికి వచ్చి అరచేతిలో పెట్టి చూపిస్తే మా ఇంటావిడ అటూ ఇటూ తిప్పి, "గింతదాన్ల మనుషులు ఎట్ల పడుతరు?" అంది. నీకేం తెలుసని కసిరాను.

మనుషులు పట్టారు. పట్టడంలో లోటేమీ లేదు. ఎంతలో పట్టారన్నదే సంగతి.

ఆ రోజుల్లో మా దుకాణాల్లో ఫోటో అచ్చు వేయడమంటే నెగెటివ్‌ను కాగితం మీద ఆనించి, చట్రంలో బిగించి, వెలుగు చూపించడమే. నెగెటివ్ ఎంతో ఫోటో అంతే. గాజు ప్లేటుకు అరచేయంత ఫోటో వచ్చేది. ఈ చిన్నదానికి అందులో సగం కూడా రాదు. పైగా యుద్ధం పోయినా ఫిల్ము కరువు పోలేదు కాబట్టి, లోపల నల్లకాగితం అడ్డం పెట్టి ఒక్కో చుట్టలో రెండింతల ఫోటోలు తీసేవాణ్ణి. అలా తీస్తే వచ్చేది అగ్గిపెట్టెంత బొమ్మ. దాన్నే మందపాటి అట్ట మీద అంటించి, చుట్టూ పూలగీత గీసి, బొంబాయిలో ఇప్పుడిదే ఫ్యాషనని చెప్పి ఇచ్చేవాణ్ణి. జనం నమ్మారు. పెద్దది చేసే యంత్రాలు హైదరాబాదులో ఉండేవి. వాటికి కరెంటు కావాలి. మా వీధిలో కిరసనాయిలు దీపానికే కటకట.

ఇంకో చిక్కు ఏమిటంటే, ఆ చిన్నదాన్ని ఎవరూ కెమెరాగా లెక్కపెట్టలేదు. నేను మీట నొక్కి "అయిపోయింది" అన్నాక కూడా ఊపిరి బిగబట్టి అలాగే నిలబడేవారు. "ఏడైంది? గుడ్డ కప్పుకోనే లేదు," అని ముసలివాళ్లు దెబ్బలాటకు వచ్చేవారు. చివరికి విసిగిపోయి, ఇంటి నుంచి ఒక నల్లగుడ్డ తెచ్చుకొని ఊరికే నెత్తిన వేసుకోవడం మొదలుపెట్టాను. దాంతో తృప్తిపడ్డారు.

జనగామకు ఒక పూట బండి ప్రయాణంలో ఉన్న ఊళ్లో, రజాకార్ల ఆగడాలు బాగా ముదిరిన ఎండాకాలంలో, ఒక పెళ్లి ఫోటో తీశాను. పెళ్లికొడుకు సంఘంలో తిరిగే మనిషి. రెండెకరాల రైతు కొడుకు. బక్కపలుచగా, మాట మాత్రం గట్టిగా ఉండేవాడు. ఒకే ఒక్క ఫోటోకు ఒప్పుకున్నారు. మా వైపు పెళ్లిలో ఒకే ఫోటో అంటే అందులో అందరూ ఉండాల్సిందే. మేనమామ లేకపోతే మేనమామకు కోపం, పెద్దత్త పక్కకు పోతే పెద్దత్తకు అలక. వాళ్లందరినీ వరసగా నిలబెట్టేసరికే నేను పందిరి బయటికి వచ్చేశాను. అప్పుడు పెళ్లికొడుకు పీట మీద నుంచి లేచి, పందిరి అవతల నిలబడ్డ డప్పువాళ్లనూ, మాదిగవాడ నుంచి వచ్చిన కూలివాళ్లనూ, వాళ్ల ఆడవాళ్లనూ పేరుపేరునా పిలిచి తన పక్కన నిలబెట్టుకోసాగాడు. పెద్దవాళ్లు కొందరు గొణిగారు. అతను వినిపించుకోలేదు.

నేను వెనక్కి జరిగాను. ఇంకా జరిగాను. నా వీపు కొట్టం గోడకు తగిలింది. నాకూ ఒళ్లు మండింది.

"పెండ్లికొడుకా, ఊరంత నిలబడితె నీ మొఖం జొన్నగింజంత పడ్తది. మీ ఇద్దరికి ఒకటి వేరే తీస్త, కూసోండ్రి," అన్నాను.

"పడనియ్యన్నా. నన్ను మావోళ్లు రోజు చూస్తనే ఉన్నరు. వీళ్లనెవలన్న ఫోటువ దీసిండ్రా?" అన్నాడు.

నడినెత్తి మీద ఎండ. అందరి కళ్ల కిందా నల్లటి నీడలు. పెళ్లికూతురు తల ఎత్తితే ఒట్టు. నల్లగుడ్డ వేసుకొని మీట నొక్కాను. ఊరంతా పట్టింది. పెళ్లికొడుకు నిజంగానే జొన్నగింజంత పడ్డాడు. పెళ్లికూతురిదైతే పాపిట మాత్రమే కనిపించింది.

ఆ వానాకాలం చివర యూనియన్ సైన్యం వచ్చింది. రజాకార్లు పోయారు, ఊళ్లన్నీ ఊపిరి పీల్చుకున్నాయి. ఆ వెంటనే సంఘంవాళ్ల కోసం వేట మొదలైంది. పెళ్లికొడుకు అడవి పట్టాడని విన్నాను. భూపాలపల్లి అడవుల్లో ఉన్నాడని కొందరు, కాళేశ్వరం దగ్గర గోదావరి దాటి అవతలికి పోయాడని కొందరు చెప్పుకున్నారు. పెళ్లయ్యాక ఆ పిల్లతో ఎన్నాళ్లు కాపురం చేశాడో నాకు తెలియదు. ఎక్కువ చేసి ఉండడు.

జనగామలో మిలిటరీ క్యాంపు పెట్టాక నాకు కొత్త గిరాకీ తగిలింది. అక్కడి ఆఫీసరు దగ్గర కూడా నా కెమెరా లాంటిదే ఉంది. ఆ చుట్టఫిల్మును కడగగలిగినవాణ్ణి ఆ చుట్టుపక్కల నేనొక్కణ్ణే. ఒక జవాను ఫిల్ము తెచ్చి బల్ల మీద పెట్టి పోయేవాడు. వద్దనే మాట నోట్లోంచి వచ్చే రోజులు కావవి. మొదట్లో అన్నీ వాళ్ల భోజనాల ఫోటోలు, వాలీబాల్ ఫోటోలు.

పెళ్లయిన మరుసటి ఏడు, పెద్దల అమావాస్య, అదే మా పెత్రమాస, దగ్గర పడుతుండగా వచ్చిన చుట్టలో, చివరి బొమ్మ వేరు. భూపాలపల్లి అడవిలో తీసిందని జవాను చెప్పాడు. టేకు చెట్ల కింద కొందరు మగవాళ్లను వరసగా పడుకోబెట్టి, మొహాలు కనిపించాలని తలల కింద రాళ్లు పెట్టారు. అందరూ ఒకే ఫోటోలో రావాలని ఆ ఆఫీసరు కూడా బాగా వెనక్కి జరిగాడు. అప్పటికే ఆ శవాలను అక్కడే తగలబెట్టేశారట. ఇక మిగిలింది ఈ బొమ్మే. అందులో జనగామ తాలూకావాళ్లు ఉన్నారని క్యాంపువాళ్ల అనుమానం. అచ్చులు వేసి ఇచ్చాను. ఇంకా కాపీలు కావాలి, ఫిల్ము నీ దగ్గరే ఉండనీ, బేస్తవారం వచ్చి తీసుకుంటానని చెప్పి జవాను వెళ్లిపోయాడు.

మర్నాడు చుట్టుపక్కల ఊళ్లవాళ్లను క్యాంపుకు పిలిచి ఆ ఫోటో చూపించారు. ఎవరూ ఎవరినీ గుర్తుపట్టలేదు. నా కొడుకని అంటే ఇల్లు సోదా, ఆపైన జైలు. పెళ్లికొడుకు తండ్రి కూడా చూసి, నాకు తెల్వదని చెప్పి వచ్చాడు. ఎండ వాలకముందే ముసలాయన, ఆయన భార్య, కోడలు ముగ్గురూ నా దుకాణానికి వచ్చారు.

ముసలాయన వెనకాల తలుపు తనే దగ్గరికి వేశాడు.

"కాదన్న బిడ్డా. మా పిలగాడు కాదని చెప్పిన. గని బయటికొచ్చినంక పానం ఊకుంటలేదు. ఆ సివరికెల్లి రెండోవాడు... వాడో కాదో. నా కండ్లు సరిగ కానరావు, వాళ్లు చూడనిచ్చింది రెప్పపాటు. జర నువ్వు చూసి చెప్పు."

"నేను ఆయన్ను చూసింది ఒక్కపూట, బాపూ. నాకెట్ల తెలుస్తది?"

"పెండ్లి ఫోటువ నువ్వు తీసిందే. గిది కడిగింది నువ్వే. నీకు తెల్వకుంటె ఎవలకు తెలుస్తది?"

ఆయన భార్య కొంగు ముడి విప్పి, నేనిచ్చిన అట్టఫోటో తీసింది. పూలగీత చెరిగిపోయి ఉంది. "ఎడమ కనుబొమ్మ మీద కోత ఉంటది. సిన్నప్పుడు లేగ కుమ్మింది. గది కానొస్తదేమో చూడు నాయినా," అంది.

అప్పుడు ముసలాయన అసలు సంగతి చెప్పాడు. కోడలి అన్నలు వచ్చి కూర్చున్నారు. బతికున్నాడంటే ఎన్నేండ్లయినా ఉండనీ, పోయాడంటే మాత్రం గాజులు తీయించి, కర్మ చేసి పంపండి, మా చెల్లెకు మారుమనువు చేస్తామంటున్నారు. వాళ్లదీ తప్పు కాదు. పెత్రమాసకు ఇంట్లో పోయినవాళ్ల పేరున బియ్యం ఇవ్వాలి. ఇవ్వాలా వద్దా అన్నది కూడా ఈ ముగ్గురికీ తెలియదు. బతికున్న కొడుకు పేరున బియ్యం ఇస్తే ఏ తల్లి తట్టుకుంటుంది? పోయినవాడి కోసం ఆ పిల్ల ఎన్నేళ్లు కూర్చుంటుంది? గాజుల చేతులను కొంగులో దాచుకొని మూలన నిలబడ్డ ఆ పిల్లకు ఇరవై కూడా ఉండవు.

భూతద్దం తీశాను. ముందు పెళ్లి ఫోటో, తర్వాత క్యాంపు ఫోటో, మళ్లీ పెళ్లి ఫోటో. రెండు జొన్నగింజలు. ఆ కళ్లూ అలాగే, ఆ గడ్డమూ అలాగే. కాదనుకొని చూస్తే ఏదీ అలా లేదు. కనుబొమ్మ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో కూడా తేలలేదు, ఇక కోత ఏం కనిపిస్తుంది? ముగ్గురూ నా మొహంలోకి చూస్తున్నారు. ఆ చూపు భరించలేక, "పెద్దగ చేసి చూస్త. రెండు రోజులు ఆగుండ్రి," అనేశాను.

హైదరాబాదు పంపితే ఆ నెగెటివ్ ఎవరి చేతిలో పడుతుందో తెలియదు. కరెంటు లేకుండా పెద్దది చేసే పాత పద్ధతి ఒకటుంది. గదిని చీకటి చేసి, కిటికీకి అట్ట కొట్టి, అట్టలో చిన్న కంత కోయాలి. పెద్ద కెమెరా వీపును ఆ కంతకు ఆనించి, మధ్యలో నెగెటివ్ పెడితే, బయటి ఎండ వెలుగుకు బొమ్మ కెమెరా లెన్సులోంచి ఎదురుగోడ మీద పెద్దగా పడుతుంది. దానికి నా పాత కెమెరా కావాలి. అది మహబూబాబాదులో ఉంది.

పొద్దున రైలు ఎక్కాను. రెండు నెగెటివ్‌లనూ కాగితంలో చుట్టి చెప్పు అట్టల మధ్య దాచాను. కాజీపేటలో జవాన్లు పెట్టె పెట్టెకూ ఎక్కి అందరి సంచులూ తడిమారు. నా సంచిలో జొన్నరొట్టె, ఉల్లిగడ్డ చూసి వదిలేశారు. నడుస్తున్నంతసేపూ పాదం కింద ఆ మనుషులు ఉన్నట్టే అనిపించింది. పాపభీతి అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. ఇంకెక్కడ దాచాలో మాత్రం తోచలేదు.

స్నేహితుడు క్యాంపు నెగెటివ్‌ను కిటికీకి ఎత్తి పట్టి చూసి గభాలున దించేశాడు.

"నా ఇల్లు ముంచుతందుకు వచ్చినవారా నువ్వు?"

"గంటసేపు. నీ కాళ్లు మొక్కుత."

తిట్టాడు. తిడుతూనే కిటికీకి అట్ట కొట్టాడు. బయట దండెం మీద తెల్ల దుప్పటి ఆరేసి వెలుగు కంతలోకి మళ్లించాడు. నా పాత కెమెరాను నేనే వీపు తిప్పి ఆనించాను. చేతికి తెలిసిన బరువు, చేతికి తెలిసిన వాసన. దీన్ని వదులుకోకుండా ఉంటే ఆ పెళ్లికొడుకు మొహం గాజు మీద నాలుగింతలు ఉండేది గదా అనుకున్నాను. కానీ ఆ దినాల్లో ఆ బండెడు సామానుతో నేను ఆ ఊరికి చేరేవాణ్ణే కాదు. ఎటు తిప్పి చూసుకున్నా దారి లేదు.

ముందు పెళ్లికొడుకును, తర్వాత చివరి నుంచి రెండోవాణ్ణి. చుట్టూ ఉన్నదంతా వదిలేసి మొహం ఒక్కటే తమలపాకంత వచ్చేదాకా కెమెరా తిత్తిని జరిపాను. కాగితాలు మందులో వేశాం. బొమ్మ తేలుతుంటే ఇద్దరం వంగి చూశాం. కళ్లు ఉండాల్సిన చోట రెండు నల్లటి మచ్చలు. ముక్కు చోట బూడిదరంగు గీత. మిగతాదంతా రవ్వ ఆరబోసినట్టు చుక్కలు. మళ్లీ వేశాం. మందు మార్చి వేశాం. ఎండ వాలిపోయేదాకా వేస్తూనే ఉన్నాం.

"పెద్దగ చేస్తె మొఖం రాదుర. సుక్కలే పెద్దగైతయి," అన్నాడు స్నేహితుడు నెమ్మదిగా. అప్పటికి తిట్టడం మానేశాడు. అంత దయగా మాట్లాడకపోయినా బాగుండుననిపించింది.

బాగా వచ్చిన రెండింటిని ఉంచుకొని మిగతావి పొయ్యిలో వేశాం. రాత్రి రైలుకు జనగామ చేరిన పొద్దునే జవాను వచ్చి క్యాంపు ఫిల్మునూ కాపీలనూ పట్టుకుపోయాడు. ఆ తర్వాత వాళ్లు ముగ్గురూ వచ్చారు. ఈసారి తలుపు నేనే వేశాను.

ఏం చెప్పాలో రైల్లో అంతా అనుకుంటూనే వచ్చాను. ఔనని చెబుదామనుకున్నాను, పిల్లకు ఒక దారి దొరుకుతుందని. కాదని చెబుదామనుకున్నాను, తల్లి ఆ పండుగపూట ముద్ద మింగుతుందని. ఏది చెప్పినా నమ్ముతారు. అదే నన్ను భయపెట్టింది. నేను ఫోటోలు తీసేవాణ్ణి, ఎవరు బతికున్నారో తేల్చేవాణ్ణి కాను. ఆ మాటే చెప్పి, కాగితాలు రెండూ బల్ల మీద పరిచాను.

"తెలుస్తలేదు బాపూ. నా శాతనైనంత చేసిన."

ముసలాయన వాటిని చూడలేదు, నన్నే చూశాడు. "ఏదో ఒకటి చెప్పు బిడ్డా. ఔనన్న చెప్పు, కాదన్న చెప్పు. నీ మాట మీన పోత," అన్నాడు. ఆయన చేతులు పట్టుకున్నాను. ఆయన భార్య గోడకు ఆనుకొని కింద కూర్చుండిపోయింది.

ఆ పిల్ల మూల నుంచి బల్ల దగ్గరికి వచ్చింది. రెండు కాగితాలనూ చేతుల్లోకి తీసుకొని వెలుగుకు పట్టింది. ఒకదాన్ని చూసింది, ఇంకోదాన్ని చూసింది. చేతులు మార్చుకొని మళ్లీ చూసింది. గాజులు చప్పుడయ్యాయి. చాలాసేపటికి వాటిని పక్కపక్కన బల్ల మీద పెట్టింది.

"అన్నా," అంది, "గీ రెంటిల మా పెండ్లిది ఏది?"

చెప్పబోయి వంగి చూశాను. రెండూ నా చేతులతో వేసినవే. కుడివైపుదనుకున్నాను. తర్వాత ఎడమవైపుదనుకున్నాను. తిప్పి వెనక చూశాను, ఏ గుర్తూ పెట్టలేదు. పెళ్లి నెగెటివ్ తీసి పక్కన పెట్టి, భూతద్దంతో ఆ గింజంత మొహాన్నీ ఈ చుక్కలనూ మార్చి మార్చి చూశాను. ఆ పిల్ల బల్ల అంచు పట్టుకొని, నేను చెప్పేదాకా కదలకుండా నిలబడింది. నాకు తెలియలేదు.